ఏడో మెట్టు

శనివారం పొద్దున పది గంటలకి ఉమాకాంత్ ఎక్కడుంటాడని అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు: కారులో. కూతురు సాన్విని కూచిపూడి క్లాసులో దింపి, ఇండియన్ గ్రోసరీ వెనకాల పార్కింగ్‌లో బండి ఆపి, సీటు వెనక్కి జరిపి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో రెండు గంటలు అలాగే కూర్చుంటాడు. కూరగాయల సంచులతో అటుగా పోయే తెలుగువాళ్ళు అద్దం తట్టి, శనివారం కూడా ప్రొడక్షన్ ఇష్యూనా అని జాలిపడేవారు. అవునని తలూపేవాడు. నిజం చెప్తే జాలి పోయి నవ్వు వచ్చేది. జాలే నయం అనుకున్నాడు నాలుగేళ్ళపాటు.

నిజం ఏమిటంటే, ఆ వేళకి ఇంగ్లండ్ ఉత్తరాన క్రాగ్‌షా అనే చిన్న ఊళ్ళో మధ్యాహ్నం మూడవుతుంది. క్రాగ్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆట మొదలవుతుంది. టీవీలో రాని ఆట. పత్రికలో స్కోరు వెతకాలంటే భూతద్దం కావాలి. నార్మన్ అనే డెబ్భై తొమ్మిదేళ్ళ ముసలాయన గోలు వెనక మెట్ల మీద నిలబడి, కోటు పైజేబులో ఫోను తెరిచి పెట్టుకుని, చూసింది చూసినట్టు చెప్తుంటాడు. సముద్రానికి ఇవతల కారులో కూర్చుని ఉమాకాంత్ అది విని క్లబ్ వెబ్‌సైట్‌లో టైప్ చేస్తాడు. పన్నెండో నిమిషం, కార్నర్, దండగ. ముప్పై ఒకటో నిమిషం, మన గోల్‌కీపర్ జారిపడ్డాడు, వాళ్ళకి ఒక గోల్. ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ళు, ఆస్ట్రేలియాకి వలసపోయినవాళ్ళు, ఓ రెండు మూడు వందల మంది తమ ఊరి ఆటని ఖమ్మం మనిషి వేళ్ళలోంచి చదువుకుంటారు.

ఒకసారి సాన్వి గజ్జెల సంచి వెనక సీట్లో పడేసి అడిగింది, "నాన్నా, మన టీమ్ ఎప్పుడైనా విన్ అయ్యిందా, ఆర్ దే జస్ట్ ప్లే?"

"నువ్వు పుట్టిన సంవత్సరం బాగా గెలిచారు."

"నేను సెవెన్ ఇప్పుడు," అంది సాన్వి. ఉమాకాంత్ బండి స్టార్ట్ చేశాడు.

పదిహేనేళ్ళ కిందట ఉమాకాంత్ ఎమ్మెస్సీ చదవడానికి క్రాగ్‌షా వెళ్ళాడు. ఐదుగురు ఒకే గదిలో ఉండేవారు. గోడకున్న మీటర్లో నాణెం వేస్తేగానీ హీటరు వెలిగేది కాదు. డిసెంబరులో ఒక శనివారం, గది కన్నా వీధే నయమనిపించి తిరుగుతుంటే కాలవ పక్కనుంచి జనం అరుపు వినిపించింది. గేటు దాకా వెళ్ళి నిలబడ్డాడు. జేబు ఖాళీ అన్న సంగతి మొహం చూడగానే గేటు దగ్గరున్న నార్మన్ పోల్చుకున్నాడు. ఆట అయ్యాక ఉండి మెట్లు ఊడ్చేట్టయితే ఊరికే లోపలికి రావచ్చన్నాడు.

ఉమాకాంత్‌కి ఒళ్ళు మండింది. ఇంజనీరింగ్ డిస్టింక్షన్‌లో పాసైనవాడి చేతికి చీపురా. తోలు రంగు చూసి అడిగాడని అనుకున్నాడు. కానీ ఆ పూట చలి కోపం కన్నా గట్టిది. లోపలికి నడిచాడు. ఆటలో క్రాగ్‌షా ఓడింది. జనం గేటు వైపు పోతారనుకున్నాడు, పోలేదు. గోడకి ఆనించిన పొడుగు కర్రల చీపుళ్ళ దగ్గరికి నడిచారు. అందులో రిటైరైన హెడ్‌మాస్టరు ఉన్నాడు. బస్సు డ్రైవరు ఉన్నాడు. కోర్టులో వాదించే లాయరమ్మ, ఊళ్ళో పళ్ళ డాక్టరు, అందరూ ఉన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో మెట్టు. మెట్టు అంచు కింద తెల్లరంగుతో వాళ్ళ పేరు. బట్టల మిల్లులు నడిచే రోజుల్లో, ఊడ్చే మనిషిని పెట్టుకునే స్తోమత క్లబ్బుకి లేక మొదలైన పద్ధతి అది. తరవాత స్తోమత వచ్చింది, మళ్ళీ పోయింది, పద్ధతి మాత్రం మారలేదు. డబ్బు పెట్టి ఆ మెట్ల మీద చోటు కొనుక్కోవడం ఎవరివల్లా కాదు. ఎవరు ఊడిస్తే వాళ్ళదే ఆ మెట్టు.

ఏడో మెట్టు ఊడ్చే మనిషి అంతకు రెండు నెలల ముందే చనిపోయాడు. ఎండాకాలం వచ్చేనాటికి దాని కింద తెల్లరంగుతో ఉమా అన్న పేరు పడింది.

ఆ మరుసటి ఏడాదే క్లబ్ మునిగింది. ఒకప్పుడు నాలుగో డివిజన్‌లో ఆడి, పెద్ద ఊళ్ళ జట్లని కూడా భయపెట్టిన క్లబ్బుని చివరి యజమాని గాలికొదిలేసి పోయాడు. గేటుకి తాళం పడింది. ఏడు వందల మంది కలిసి తలా ఒక వాటా వేసుకుని గ్రౌండుతో సహా దాన్ని విడిపించుకున్నారు. ఎంత ఉన్నవాడికైనా ఒక్కటే వాటా, ఒక్కటే ఓటు. హోటల్లో అంట్లు తోమి కూడబెట్టిన దాంట్లోంచి ఉమాకాంత్ కూడా ఒకటి తీసుకున్నాడు. జట్టు తొమ్మిదో డివిజన్ నుంచి మళ్ళీ మొదలై, ఏడేళ్ళు పాకి, ఆరోదాకా ఎక్కింది. తరవాత జారి ఏడులో పడింది. ఈ ఏడాది అక్కడా అట్టడుగునే ఉంది. షెడ్డు కప్పు కారుతోంది. ఆడే కుర్రాళ్ళు మంచివాళ్ళే, గోలు ఎక్కడుందో మాత్రం వాళ్ళకి గుర్తుండదు.

వీసా అయిపోయి ఉమాకాంత్ హైదరాబాద్ వచ్చేసిన రోజున నార్మన్ ఒక ఒప్పందం చెప్పాడు. ఏడో మెట్టు తాను ఊడుస్తాడు, బదులుగా ఆట సంగతులు ఉమా టైప్ చేయాలి, ముసలి వేళ్ళకి ఫోను మీద అక్షరాలు దొరకవు. అప్పట్నుంచి ఏ దేశంలో ఉన్నా అది తప్పలేదు. అయితే చీపురు సంగతి మాత్రం ఉమాకాంత్ తెలుగువాళ్ళెవరికీ చెప్పలేదు. భార్య శ్రీవల్లికి కూడా వాలంటీర్‌గా ఏదో చేశానని చెప్పి ఊరుకున్నాడు.

అమెరికాకి అతన్ని తెచ్చింది కేశవరావు. మోరిస్‌విల్‌లో కన్సల్టింగ్ కంపెనీ, తెలుగు సంఘంలో పెద్దరికం, ఊరిబయట చెరువు కనిపించే ఇల్లు. ఉమాకాంత్ వీసా ఆయన కంపెనీది. గ్రీన్ కార్డ్ ఫైల్ మొదలుపెట్టాల్సింది ఆయనే. వీసాకి ఉండే ఆరేళ్ళ గడువులో నాలుగు అయిపోయాయి. ఎప్పుడడిగినా నేను చూసుకుంటాగా అనేవాడు. చూస్తూనే ఉన్నాడు.

జనవరిలో ఆయనింట్లో భోజనాలప్పుడు కొత్త కబురు చెప్పాడు. అమెరికాలో డబ్బున్నవాళ్ళంతా ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులు కొంటున్నారు, మనం మాత్రం ఎందుకు ఆగాలి అన్నాడు. ఆయన మేనల్లుడు శ్యామ్‌సుందర్, కంపెనీ లెక్కలు చూసేవాడు, టీవీ మీద ఒక మ్యాప్ పెట్టాడు. కాలవ పక్కన, రైల్వే స్టేషన్‌కి ఎదురుగా పచ్చటి ముక్క, క్రాగ్‌షా టౌన్ గ్రౌండు. ఉమాకాంత్ చేతిలో ప్లేటు వంగిపోయింది.

"ఆ ఈశాన్యం మూల డ్రైన్ బ్లాక్ అవుతది సార్," అన్నాడు, తనకు తెలియకుండానే. "వాన పడితే ఆ మూల కార్నర్ కిక్ కొట్టలేరు."

గదిలో ఉన్న పదిమందీ అతని వైపు తిరిగారు. ఆ రోజు నుంచి కేశవరావుకి అతను మనోడు అయ్యాడు. అతని ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టాడు. ఏప్రిల్‌లో ఫైల్ వేసేద్దాం అన్నాడు. అందుకు బదులు ఏమీ అడగలేదు, క్లబ్ అమ్మాలా వద్దా అని తేల్చే సభ్యుల మీటింగ్‌లో రెండు మాటలు మాట్లాడు చాలు అన్నాడు.

ఇక్కడ ఉమాకాంత్‌ని వెనకేసుకు రావడానికి లేదు. అతను సంబరపడ్డాడు. కప్పు మారుతుంది, మంచి ఆటగాళ్ళు వస్తారు, మళ్ళీ నాలుగో డివిజన్ చూడొచ్చు అని నెల రోజులు కలలు కన్నాడు. వాళ్ళని నీకు బాగా తెలుసా అని నార్మన్ అడిగితే, మావాళ్ళే అని పూచీ పడ్డాడు. క్రాగ్‌షాలో ఆ మాట ఒక నోటినుంచి ఇంకో నోటికి పాకింది. ఉమా చెప్పాడు, వాళ్ళు మంచివాళ్ళట. కొనేవాళ్ళు పంపిన కాగితాల కన్నా ఆ మాటే అక్కడ ఎక్కువ పనిచేసింది.

మీటింగ్ మార్చిలో ఒక ఆదివారం, వాళ్ళ మధ్యాహ్నం మూడింటికి. మామూలుగా అయితే ఇక్కడ పొద్దున పది. కానీ అమెరికాలో గడియారాలు మార్చి మొదట్లోనే ఒక గంట ముందుకి తిప్పుతారు, ఇంగ్లండ్‌లో నెలాఖరు దాకా తిప్పరు. ఆ మధ్య మూడు వారాలూ తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. అక్కడ మూడంటే ఇక్కడ పదకొండు. ఏళ్ళ తరబడి శనివారాలు లెక్కపెట్టిన ఉమాకాంత్‌కి ఇది కొట్టిన పిండి. శ్యామ్‌సుందర్‌కి రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. బొటనవేలి గుర్తు వచ్చింది, అంతే. క్యాలెండర్‌లో పది అలాగే ఉండిపోయింది.

అలా ఆ ఆదివారం కేశవరావు ఇంటి బేస్‌మెంట్‌లో, మినీ థియేటర్ సోఫాల్లో, పెట్టుబడి పెట్టేవాళ్ళంతా గంట ముందే కొలువు తీరారు. తెర మీద క్లబ్ హాలు కనిపిస్తోంది. నార్మన్ ఒక్కడే కుర్చీలు వేసుకుంటున్నాడు. కెమెరా చూసి చెయ్యి ఊపాడు. సభ్యుడు కాబట్టి ఉమాకాంత్ తన లాప్‌టాప్‌లో తన పేరుతో వేరే కలిశాడు, ఓటు వేయాలంటే అలాగే కలవాలి.

పైనుంచి పునుగులు, అల్లం పచ్చడి వచ్చాయి. గంట సేపు చేసే పనిలేదు. పనిలేని చోట మాటలు వదులవుతాయి. మ్యూట్ చేద్దామా అని ఎవరో అంటే, అక్కర్లేదు, తెలుగు ఎవడికొచ్చు అన్నాడు శ్యామ్‌సుందర్. నార్మన్ కుర్చీలు సర్దుతూ, ఆ తెలియని భాష వింటూ, మర్యాదగా నవ్వుతున్నాడు.

ముందుగా ఒకాయన ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికైనా చెప్పమన్నాడు. ఉమాకాంత్ చెప్తుంటే కేశవరావు ఆపాడు.

"ఏవయ్యా, ఆఫ్‌సైడ్ మనకెందుకయ్యా. స్టేషన్ పక్కన నాలుగెకరాలు. ట్రైనెక్కితే అరగంటలో మాంచెస్టర్. అది చూడు."

"మరి జట్టు, సార్?" అన్నాడు ఉమాకాంత్.

జట్టు పక్క ఊరి గ్రౌండుకి పోతుందట. రెండు సీజన్లు అద్దెకి ఆడిస్తారట. అప్పటికి చూసేవాళ్ళు తగ్గిపోతారు, తరవాత వాళ్ళే మూసుకుంటారు, మన చేతికి మట్టి అంటదు అని శ్యామ్‌సుందర్ వివరించాడు. కాగితాల్లో గ్రౌండు గురించి ఒక వాక్యం చాలా అందంగా రాయించాడట, లాయర్ని పెట్టుకుంటే తప్ప అర్థం కాదట. ముందు ఆ మెట్లు లేపేస్తే, తిరిగి ఆడే మాటే ఉండదన్నాడు. మెట్ల ఫోటో తెర మీదికి వచ్చింది. చీపుళ్ళు పట్టుకుని నవ్వుతున్న జనం.

"వీళ్ళెవర్రా, పనోళ్ళా?" అన్నాడొకాయన.

"కాదు బ్రో, వాళ్ళే ఓనర్లు. డాక్టర్లు, లాయర్లూ ఉన్నారట. ఊడుస్తారు."

"ఊడ్చుకునే మొహాలకి క్లబ్ ఒకటి," అన్నాడు ఇంకొకాయన. గది ఘొల్లుమంది. తెర మీద నార్మన్ కూడా వాళ్ళతో పాటు నవ్వాడు, పాపం, నవ్వు అంటుకునే జబ్బు కాబట్టి.

తరవాత కుర్చీ ఒకటి కెమెరా దగ్గరికి లాక్కుని కూర్చుని, మీవాళ్ళు ఇంత హుషారుగా ఏం మాట్లాడుకుంటున్నారు ఉమా అని ఇంగ్లీషులో అడిగాడు.

గది అంతా ఉమాకాంత్ వైపు చూసింది. ఆట గురించే అని అతను చెప్పాడు. కేశవరావు మెచ్చుకోలుగా అతని భుజం తట్టాడు. ఆ తట్టిన చోట చొక్కా కింద ఏదో పాకినట్టయింది. శ్రీవల్లి గుర్తొచ్చింది. ఏప్రిల్ గుర్తొచ్చింది. ఈ నాలుగేళ్ళలో కేశవరావు ముందు తను ఎన్నిసార్లు సార్ అన్నాడో గుర్తొచ్చింది. సగం కొరికిన పునుగు ప్లేటులో పెట్టేశాడు.

పదకొండయింది. హాలు నిండింది, నిలబడ్డవాళ్ళే ఎక్కువ. కప్పు కారుతోంది, కొనేవాళ్ళని రానిద్దాం అనేవాళ్ళు తక్కువేం లేరు. శ్యామ్‌సుందర్ బొమ్మలు చూపించాడు. కేశవరావు కుటుంబం, విలువలు, బంధం అన్నాడు. చివరికి, మీ ఊళ్ళో చదువుకున్న మా తమ్ముడు ఉమా రెండు మాటలు చెప్తాడని కూర్చున్నాడు. హాల్లో చప్పట్లు మోగాయి, ఆయన మాటలకి రానివి.

ఉమాకాంత్ తన లాప్‌టాప్ ముందుకి జరిగాడు.

"నా పేరు ఉమా. ఏడో మెట్టు నాది. రెండున్నరేళ్ళు ఆ మెట్టు ఊడ్చాను. ఈ గదిలో ఉన్నవాళ్ళకి ఆ సంగతి ఇంతవరకూ చెప్పలేదు, సిగ్గుపడ్డాను. ఇందాక నార్మన్ నన్నొక మాట అడిగాడు. ఆట గురించి అని చెప్పాను. అది అబద్ధం. వీళ్ళు మావాళ్ళని మీకు పూచీ పడింది కూడా నేనే. కాబట్టి ఈ గంటలో ఇక్కడ తెలుగులో అన్నదంతా ఇప్పుడు ఇంగ్లీషులో చెప్తాను."

చెప్పాడు. నాలుగెకరాలు చెప్పాడు, రెండు సీజన్లు చెప్పాడు, అందమైన వాక్యం ఏ పేజీలో ఉందో వెతికి చదవమన్నాడు. పనోళ్ళా అన్న మాట కూడా దాచలేదు. శ్యామ్‌సుందర్ మౌస్ కోసం తడుముకున్నాడు, కానీ అతను మ్యూట్ చేయగలిగింది వాళ్ళ తెరనే. హాల్లో లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిప్పడం మొదలుపెట్టింది.

కేశవరావు గొంతు పెంచే మనిషి కాదు. "ఇంటికి పిలిచి కూర్చోబెట్టినందుకా ఉమా?" అన్నాడు.

"పునుగులు బావున్నాయి సార్," అన్నాడు ఉమాకాంత్. "మెట్టు మాత్రం నాది."

ఓటు వేసి, లాప్‌టాప్ మూసి, పైకి వచ్చి, చెప్పుల కుప్పలో తన చెప్పులు వెతుక్కుని బయటపడ్డాడు. అమ్మడానికి సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. మూడో వంతు కూడా ఒప్పుకోలేదని నార్మన్ మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పాడు.

సోమవారం పొద్దున మెయిల్ వచ్చింది. ప్రాజెక్ట్ అవసరాలు మారాయట. ఉద్యోగం పోయినవాడికి దేశంలో ఉండటానికి అరవై రోజులు. శ్రీవల్లి మెయిల్ రెండుసార్లు చదివింది. ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అని అడిగింది. నెలాఖరు దాకా అని తెలిసి ముగ్గురికీ పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్లు బుక్ చేసింది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అంది, "ఉద్యోగం పోయినందుకు కాదు నా కోపం. ఊడ్చిన సంగతి నాకు కూడా చెప్పలేదే? మా అమ్మ ఇరవై ఏళ్ళు బడి ఊడ్చి నన్ను చదివించింది. నీకు తెలియదా?"

తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆ పూట అతను తల దించుకున్నాడు. కేశవరావు ముందు దించనిది, ఆమె ముందు దించాడు.

వాట్సాప్ గ్రూపుల్లోంచి అతని పేరు తీసేశారు. మూర్ఖుడన్నవాళ్ళు ఉన్నారు, మనవాళ్ళ పరువు తెల్లవాళ్ళ ముందు తీశాడన్నవాళ్ళు ఇంకా ఎక్కువ. ఇంటర్వ్యూలు ఇస్తూ పోయాడు. ముప్పై ఆరో రోజున ఎడిసన్ అనే ఊళ్ళో ఒక చిన్న కంపెనీ తీసుకుంటానంది. జీతం తక్కువ. గ్రీన్ కార్డ్ మాట ఏడాది పనిచేశాక చూద్దామంది. గడువులో మిగిలేది ఎంతో లెక్క వేసుకుని, సరేనన్నాడు. ఈసారి సార్ అనకుండానే మాట్లాడాడు.

ఏప్రిల్ ఆఖరి శనివారం, సీజన్‌లో చివరి ఆట. గెలిస్తే ఏడో డివిజన్‌లో ఉంటారు, లేకపోతే ఎనిమిదికి పోతారు. పార్కింగ్‌లో అదే చోట కారు, ఒళ్ళో అదే లాప్‌టాప్. డెబ్భై నాలుగో నిమిషం దాకా ఒకటి ఒకటి. డెబ్భై అయిదో నిమిషంలో ఈశాన్యం మూల నుంచి ఎదుటి జట్టుకి కార్నర్ దొరికింది. వాన నీళ్ళలో బంతి ఆగిపోవాల్సింది. ఆగలేదు, గోల్లో పడింది.

విజిల్ మోగింది. ఆగస్టులో మళ్ళీ మొదలుపెడదాం, ఎనిమిదో డివిజన్ ఊళ్ళన్నీ దగ్గరే, బస్సు ఖర్చు తక్కువ అన్నాడు నార్మన్. ఫోను మెట్టు మీద పెట్టి చీపురు అందుకున్నాడు. ఎండు కొమ్మల చీపురు సిమెంటు మీద గీసుకుంటున్న చప్పుడు ఉమాకాంత్ చెవుల్లో నిండింది.

ఎవరో అద్దం తట్టారు. ఆనపకాయల సంచితో ప్రతి శనివారం పలకరించే మనిషే.

"ఏం బ్రో, ప్రొడక్షన్ ఇష్యూనా?"

ఉమాకాంత్ అద్దం పూర్తిగా దించాడు. "కాదన్నా. ఇంగ్లండ్‌లో మా ఫుట్‌బాల్ క్లబ్ ఓడిపోయి కింది డివిజన్‌లో పడ్డది. అక్కడ నేను మెట్లు ఊడ్చేవాణ్ణి."

ఆ మనిషి నవ్వాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి, నవ్వేశాడు. నవ్వనీ అనుకుని ఉమాకాంత్ ఇయర్‌ఫోను ఒకటి తీసి అతనికి ఇచ్చాడు, వినమని. సంచి కింద పెట్టి అతను చెవిలో పెట్టుకున్నాడు. చీపురు చప్పుడు తప్ప ఏమీ లేదే అన్నాడు.

"అదే, అన్నా," అని ఉమాకాంత్ లాప్‌టాప్ మీదికి వంగి, ఆ రోజుకి ఆఖరి వరస టైప్ చేశాడు. ఆట ముగిసింది. మెట్లు ఊడుస్తున్నారు.